ఎర్ర సున్నాలు

ఎంఏ మొదటి సెమిస్టర్‌లో నా టర్మ్ పేపర్ తిరిగొచ్చినప్పుడు మొదటి పేజీలోనే తొమ్మిది ఎర్ర సున్నాలు. నా వాదన మీద ఒక్క మాట లేదు. 'దళిత్స్' అని బహువచనం రాయాల్సిన ప్రతిచోటా ఎస్ ముందు అపోస్ట్రఫీ పెట్టాను. "బేసిక్ ఇంగ్లిష్ రాదు, ఇక్కడిదాకా ఎలా వచ్చావమ్మా?" అన్నారు, క్లాసందరి ముందూ. ఆ ప్రశ్న ఇంగ్లిష్ గురించి కాదని రిజర్వేషన్ సీట్లో చేరిన ఎవరికైనా తెలుస్తుంది.

ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఎస్సీ హాస్టల్. అపోస్ట్రఫీ గురించి ఎవరూ విడిగా చెప్పలేదు. చివరికి నేర్పింది యూనివర్సిటీ హాస్టల్లో ఒక సీనియర్ అక్క. "ముందు తెలుగులో అనుకో చెల్లీ" అంది. 'విద్యార్థి పుస్తకం' అయితే ఎస్ ముందు, 'విద్యార్థుల పుస్తకం' అయితే ఎస్ తర్వాత. ఉత్త 'విద్యార్థులు' అయితే అసలు వద్దు. 'ఇట్స్' దగ్గర 'ఇట్ ఈజ్' అని విడదీసి చదవగలిగితే పెట్టు, 'దాని' అనే అర్థమైతే పెట్టకు. (చిల్డ్రన్, విమెన్ లాంటివి వేరే గొడవ. వాటికి బహువచనంలోనూ ఎస్ ముందే.) పది నిమిషాల పాఠం. అంతకుముందు నా కోసం ఎవరూ ఖర్చు పెట్టని పది నిమిషాలు.

ఈ నియమమేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 17, 18 శతాబ్దాల్లో 'దాని' అనే అర్థంలోనూ 'ఇట్స్'కి అపోస్ట్రఫీ పెట్టి రాసేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం, పదో సెక్షన్‌లో అలాగే ఉంది. బెర్నార్డ్ షా 'డోంట్', 'కాంట్' లాంటి మాటల్లో దాన్ని కావాలనే వదిలేసేవాడు. ఆయన వదిలేస్తే శైలి, మన పిల్ల వదిలేస్తే మెరిట్ లేకపోవడం.

అలాగని నియమమే వద్దనే మిత్రులతో నాకు పేచీ ఉంది. బాబాసాహెబ్ కొలంబియాలో, లండన్‌లో డాక్టరేట్లు చేసి, ప్రధాన రచనలు ఇంగ్లిష్‌లోనే రాశారు. మన పిల్లలకి ఈ నియమం రావాలి. జర్నల్‌కి పంపిన వ్యాసం ఇలాంటి కారణంతో వెనక్కి రాకూడదు. నా అభ్యంతరం నేర్పకుండా పరీక్షించడం మీద, ఆ పరీక్షతోనే మనిషి తెలివిని తూచడం మీద.

ఇప్పుడు నేనూ పేపర్లు దిద్దుతున్నాను. ముందు వాదన గురించి రెండు వాక్యాలు రాస్తాను. తర్వాతే అపోస్ట్రఫీ, అదీ పెన్సిల్‌తో. మూడుసార్లు మించి తప్పితే గదికి రమ్మంటాను. పది నిమిషాలు పడుతుంది.