కాస్త తెరిపి

విజయవాడ వన్ టౌన్‌లో పొద్దు షట్టర్ల చప్పుడుతో మొదలవుతుంది. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బస్తాలు దిగుతుంటాయి. సామారంగం చౌక్ నుంచి శివాలయం వీధి దాకా తోపుడు బళ్లూ ట్రాలీ ఆటోలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటాయి. ఇంత సందడి మధ్య ఏ కొట్టు ముందు నిలబడ్డా ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: టెన్షన్. ఆ మాట వెంబడే ఇంకొన్ని వస్తాయి. గుండె దడగా ఉందని, కడుపులో మంటని, మెడ పట్టేసిందని, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను అంటుకోవడం లేదని. మనసు బాగోలేదని మాత్రం ఎవరూ అనరు. మనసు చెప్పుకోలేనిదాన్ని ఒళ్లు చెప్పుకుంటోంది. దాన్ని మనం శ్రద్ధగా వినాలి.

ఒత్తిడి మనకు శత్రువుగా పుట్టింది కాదు. ఎదురుగా లారీ దూసుకొస్తే ఆలోచించే లోపే కాలు వెనక్కి పడుతుంది కదా, అది దాని చలవే. మెదడు అపాయాన్ని పసిగట్టగానే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు పరుగెడుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. కాసేపటికి కార్టిసాల్ అందుకుని, ఒంట్లో దాచిన చక్కెరను రక్తంలోకి విడిపిస్తుంది. పోరాడటానికో పారిపోవడానికో ఒళ్లు ఇలా సిద్ధమవుతుందని అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే రాశాడు. అపాయం దాటాక అన్నీ యథాస్థితికి రావాలి. ప్రకృతి చేసిన ఏర్పాటు అంతవరకే.

అపాయం దాటకపోతే? 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకల మీద చేసిన పరిశీలన దీనికి జవాబిచ్చింది. చలి పెట్టినా, గాయం చేసినా, మితిమీరి శ్రమ పెట్టినా వాటి ఒంట్లో జరిగింది ఒక్కటే. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి ఆధారమైన థైమస్ కుంచించుకుపోయింది, పేగుల్లో పుళ్లు పడ్డాయి. మనుషుల సంగతికొస్తే, 1991లో షెల్డన్ కోహెన్ బృందం 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసింది. జీవితంలో ఒత్తిడి ఎంత ఎక్కువగా ఉంటే వైరస్ సోకే అవకాశం అంత పెరిగింది. నెలల తరబడి తెరిపి లేకపోతే రక్తపోటు, చక్కెర, నడుము చుట్టూ కొవ్వు, నిద్రలేమి ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి వస్తాయి. 52 దేశాల్లో గుండెపోటు కారణాలను వెతికి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం పొగతాగడం, రక్తపోటు, మధుమేహాల సరసన మానసిక ఒత్తిడిని కూడా చేర్చింది. ‘అంతా మన ఆలోచనే’ అని కొట్టిపారేసే రోజులు ఏనాడో పోయాయి.

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకే ఒత్తిడి ఎక్కువని మనకొక నమ్మకం. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలై, 1985 నుంచి రెండో విడతగా సాగిన వైట్‌హాల్ అధ్యయనాలు దాన్ని తలకిందులు చేశాయి. గుండెజబ్బు మరణాలు పైఅధికారుల్లో కంటే కింది మెట్టు ఉద్యోగుల్లోనే ఎక్కువ. కారణాల్లో ఒకటి స్పష్టంగా తేలింది. చేసే పని మీద తమకు ఏ అదుపూ లేనివాళ్ల గుండె ఎక్కువగా దెబ్బతింటోంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో, ఎలా చెయ్యాలో తేల్చుకునే వీలు లేకపోవడమే పని బరువుకు తోడై మనిషిని కుంగదీస్తోంది.

వన్ టౌన్‌ను ఈ కళ్లతో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. బట్టల కొట్టు గుమాస్తాకు ఇంటికెళ్లే వేళ తెలియదు. చివరి బేరం తెగేదాకా ఆ రోజు ముగియదు. ముఠా కార్మికుడికి రేపు లారీ వస్తుందో రాదో తెలియదు. కొండ మీద ఇంటి ఇల్లాలి దినచర్య మొత్తం కుళాయి వచ్చే వేళ చుట్టూ తిరుగుతుంది. యజమానికీ సుఖం లేదు. అరువిచ్చిన సరుకు బాకీ ఎప్పుడొస్తుందో, ఈ సీజన్ గట్టెక్కిస్తుందో లేదో ఆయనకూ తెలియదు. ముఠా కార్మికుణ్ని గమనించండి. దారిలో అలసిపోతే బస్తాను నేల మీద పడెయ్యడు, పడేస్తే ఒక్కడే తిరిగి ఎత్తుకోలేడు. నడుమెత్తు అరుగు చూసి దానికి ఆనించి ఊపిరి తీసుకుంటాడు. జీవితపు బరువును పూర్తిగా దించెయ్యడం చాలామందికి సాధ్యం కాదు. ఆనించుకునే అరుగు మాత్రం అందరికీ కావాలి. ఒత్తిడి గురించి చెప్పే సలహాల్లో ఆ అరుగు ఊసు ఎక్కడా ఉండదు.

ఆనుకునే చోటు లేనివాణ్ని ఏది పడితే అది లాక్కుంటుంది. 2015 డిసెంబరులో బయటపడ్డ కాల్‌మనీ వ్యవహారాన్ని విజయవాడ మరిచిపోకూడదు. అవసరానికి తీసుకున్న చిన్న అప్పు మీద మోయలేని వడ్డీ వేసి, వసూళ్ల పేరుతో కుటుంబాలను వేధించిన తీరు అప్పట్లో రాష్ట్రాన్ని కుదిపేసింది. అప్పుల వాడి ఫోన్ మోగినప్పుడల్లా గుండె జారడం అంటే ఏమిటో ఆ ఇళ్లవాళ్లకు తెలుసు. ఇప్పుడు ఆ పాత్రను లోన్ యాప్‌లు అందుకున్నాయి. ఇలాంటి చోట మనిషికి ధ్యానం నేర్పితే సరిపోదు. న్యాయమైన వడ్డీకి అప్పు పుట్టే దారి, వేధింపు మీద ఫిర్యాదు చేస్తే పట్టించుకునే పోలీస్ స్టేషన్ ముందు ఉండాలి. ఒత్తిడికి వైద్యం కొంత ఆసుపత్రిలో ఉంటే, కొంత బ్యాంకులోనూ స్టేషన్‌లోనూ ఉంది.

ఇంకొంత వాగు గట్టు మీద ఉంది. 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోత తర్వాత బుడమేరు గట్టు తెగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. నీళ్లు తీసేశాయి, గోడలకు రంగులు పడ్డాయి. కానీ రాత్రిపూట గట్టి వాన పడితే లేచి కూర్చునేవాళ్లు ఇంకా ఉన్నారు. అంత చూసిన మనసు ఉలిక్కిపడటం సహజం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. వాళ్లకు ధైర్యవచనాల కంటే ఎక్కువ ఊరటనిచ్చేది నమ్మదగిన సమాచారం. నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయి, కొండ మీద ఎవరు ఇల్లు ఖాళీ చెయ్యాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది సమయానికి, తేట తెలుగులో, వీధి వీధికీ అందాలి. ఏం చెయ్యాలో తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

తెరిపి కోసం మనుషులు పట్టే అడ్డదారులూ ఉన్నాయి. పని దిగగానే మందు, మధ్యలో సిగరెట్టు, రాత్రి పక్క మీద ఫోను. మందు మత్తునిస్తుంది, నిద్రను మాత్రం తునకలు చేస్తుంది. నికోటిన్ కుదుటపరిచినట్టే ఉండి గుండె వేగాన్ని పెంచుతుంది. వాటిని ఆశ్రయించిన మనిషిని తిట్టి లాభం లేదు, మెరుగైన దారి చూపాలి. ఆ దారి మన ఊళ్లోనే ఉంది. భవానీ దీక్ష తీసుకున్నవాళ్లను చూడండి. మండలం రోజులు తెల్లవారకముందే లేస్తారు, మందు ముట్టరు, మితంగా తింటారు, తోటి భవానీలతో కలిసి కూర్చుంటారు. భక్తి సంగతి ఎవరి నమ్మకం వాళ్లది. ఒంటి సంగతి చూస్తే, వేళకు నిద్ర, వేళకు తిండి, మత్తుకు దూరం, నలుగురి తోడు అనే నాలుగూ ఒత్తిడికి వైద్యులు చెప్పే మొదటి మందులే. మాల తీసేశాక కూడా అందులో ఒక్క అలవాటునైనా ఉంచుకోగలిగితే అమ్మవారు కాదంటుందా?

ఎవరికి వారు చేసుకోగలిగినవి చిన్నవే అయినా గట్టివి. రోజూ ఒకే వేళకు లేవడం, పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర. వారానికి 150 నిమిషాలకు తగ్గని నడక. పౌర్ణమి నాటి ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణ కావచ్చు, గాంధీ కొండ మెట్లు కావచ్చు, కృష్ణ ఒడ్డున ఘాట్ల వెంబడి సాయంత్రపు నడక కావచ్చు. బుర్ర వేడెక్కిన క్షణాన ఊపిరిని నెమ్మదించి, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలాలి. నిమిషానికి ఆరేడు శ్వాసలకు దిగితే గుండెను నిదానపరిచే నాడి పని అందుకుంటుంది. దీనికి చాపా అక్కర్లేదు, గురువూ అక్కర్లేదు, గల్లా పెట్టె ముందు కూర్చునే చెయ్యవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, కష్టం చెప్పుకోవడానికి ఒక మనిషి. వినేవాళ్లు పరిష్కారం చెప్పాల్సిన పనిలేదు, మాటకు అడ్డు రాకుండా ఉంటే చాలు. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇది మరీ అవసరం. మార్కుల ఊసెత్తకుండా రోజుకు ఒక్కపూటైనా వాళ్లతో కలిసి అన్నం తినండి.

రెండు హెచ్చరికలు కూడా చెప్పుకోవాలి. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు పట్టడం ఉంటే టెన్షన్ అనో గ్యాస్ అనో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకడం ఎందుకనిపించినా మానసిక వైద్యుణ్ని కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, డబ్బు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యాన్ని మన హక్కు చేసింది. ఒంటి జబ్బులకిచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలంది. ఈ సంగతి రోగులకు తెలిసింది చాలా తక్కువ.

ఇక ఊరు చెయ్యాల్సింది ఉంది. వారానికో సెలవు గుమాస్తా హక్కని 1988 నాటి దుకాణాల చట్టం చెబుతోంది. దాన్ని ప్రతి కొట్టూ మనస్ఫూర్తిగా పాటించేలా వర్తక సంఘాలే చొరవ తీసుకోవచ్చు. షట్టరు దించే వేళను ముందే చెప్పి, దానికి కట్టుబడితే గుమాస్తా ఇంట్లో పిల్లలు నాన్నతో కలిసి అన్నం తింటారు. ముఠా కార్మికులకు నీడ, తాగునీరు, కూర్చునే చోటు, నెలకోసారి బీపీ, షుగర్ పరీక్ష కల్పించడం మార్కెట్‌కు మోయలేని ఖర్చేమీ కాదు. కొండవాలు వీధుల్లో 14416 నంబరును గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి కార్పొరేషన్‌కు ఒక్క పూట చాలు.

‘ధైర్యంగా ఉండు’ అనడం సులువు. ఎదుటి మనిషి ధైర్యంగా ఉండటానికి మన వంతుగా ఏం సర్దగలమో చూడటంలో కాస్త శ్రమ ఉంది. ఆ శ్రమకు యజమాని ఒక గంట, పొరుగువాడు ఒక పలకరింపు, అధికారి వేళకు ఒక కబురు ఇస్తే చాలు. ఒత్తిడి లేని జీవితం ఎవరికీ రాసిపెట్టి లేదు. తెరిపి లేని జీవితం మాత్రం ఎవరికీ ఉండకూడదు, అది మనం కలిసి చెయ్యగలిగిన పని.