జీవకణానికీ కసరత్తు కావాలి

ఆంధ్రదేశంలో పదవ తరగతి ముగించి సైన్సు చదువదలచిన విద్యార్థి ఎదుట ప్రధానంగా రెండు దారులు నిలుస్తాయి: ఎం.పి.సి., బై.పి.సి. లెక్కలు ఒక దారి, జీవశాస్త్రం మరొక దారి. "ఇంజనీరా, డాక్టరా?" అన్న ఆ ప్రశ్నను సముద్రాలు దాటించి అమెరికాకు తెచ్చుకున్న తెలుగు కుటుంబాలు అనేకం. ప్రకృతి మాత్రం ఇట్టి గోడను ఏనాడూ కట్టలేదు. ప్రయోగశాలలో పెంచిన రక్తనాళమే అందుకు నిదర్శనం.

జీవకణం తన చుట్టూ ఉన్న రసాయనాలనే కాక, తనపై పడే లాగుడును కూడా పసిగడుతుంది. కణపు పొరలోని ఇంటెగ్రిన్ అనే ప్రోటీనులు వెలుపలి నారలను కణం లోపలి చట్రంతో ముడివేస్తాయి. బయటి లాగుడు వాటి ద్వారా లోపలికి చేరుతుంది. పొర సాగినప్పుడు తెరుచుకొనే 'పీజో' ద్వారాలను కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో కనుగొన్నది. 2021 నోబెల్ బహుమతిని ఆయన డేవిడ్ జూలియస్‌తో పంచుకొన్నారు.

ఈ జ్ఞానం వలన ప్రయోజనమేమి? 1999లో లారా నిక్లాసన్, రాబర్ట్ లాంగర్ ప్రభృతులు క్రమంగా కరిగిపోయే పాలిమర్ గొట్టంపై పశువుల ధమనుల నుండి తీసిన కండర కణాలను నాటారు. నాడి వలె కొట్టుకొనే ప్రవాహంతో ఆ గొట్టాన్ని ఎనిమిది వారాలు సాగదీస్తూ పెంచారు. ఆ కణాలు కొలాజెన్ నారలను అల్లి గట్టి గోడను నిర్మించాయి. నాడి తగలకుండా పెరిగిన నాళాలు బలహీనంగా మిగిలిపోయాయి. పోషణ ఒక్కటే చాలదు, కసరత్తు కూడా కావాలన్నమాట! నిక్లాసన్ స్థాపించిన హ్యుమాసైట్ సంస్థ మానవ కణాలతో పెంచి, పిదప ఆ కణాలను తొలగించి సిద్ధపరచిన రక్తనాళాన్ని, గాయపడిన కాలుసేతుల ధమనుల చికిత్సకై 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది.

నిక్లాసన్ వైద్యురాలు, లాంగర్ కెమికల్ ఇంజనీరు. రక్తనాళాల యాంత్రిక ధర్మాలను శోధించి ఈ రంగానికి పునాది వేసిన వై.సి. ఫంగ్ తొలుత విమాన నిర్మాణ శాస్త్రవేత్త.

ఏదో ఒక శాస్త్రంలో లోతు లేనిదే రాణింపు లేదనే మాట నిజమే. కాని లోతు కోసం రెండవ తలుపును పదిహేనవ ఏటనే మూసివేయడం అనవసరం. జీవశాస్త్రంపై మక్కువగల అమ్మాయి చేతికి భౌతికశాస్త్రాన్నీ, యంత్రాలపై మోజుగల అబ్బాయికి కణశాస్త్రాన్నీ అందించడం తల్లిదండ్రుల విధి. "ఇంజనీరా, డాక్టరా?" అన్న ప్రశ్నకు "రెండూ" అని బిడ్డ బదులిస్తే, ఆ కోరికను ప్రోత్సహించడమే వివేకం.