శాతకర్ణి సినిమాలో కనిపించని సాలెలు

సూరత్ మరమగ్గాల మధ్య తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. ఈ నగరం మధ్యగా పారే తాపీ నదికీ, నేత వృత్తికీ, 'గౌతమిపుత్ర శాతకర్ణి' కథకూ ఒక సంబంధం ఉంది. అది సినిమాలో దొరకదు, నాసిక్ దగ్గరి త్రిరశ్మి బౌద్ధ గుహల గోడల మీద దొరుకుతుంది.

2017 సంక్రాంతికి క్రిష్ దర్శకత్వంలో, బాలకృష్ణ నూరో చిత్రంగా వచ్చిన ఈ సినిమాకు రెండు తెలుగు రాష్ట్రాలూ వినోదపు పన్ను మినహాయించాయి. సినిమా అన్నాక కల్పన ఉంటుంది, దానితో పేచీ లేదు. కానీ ప్రజల పన్ను వదులుకుని ప్రభుత్వం ఒక కల్పనను 'మన చరిత్ర'గా గౌరవించినప్పుడు, ఆ చరిత్రలో ఎవరు మిగిలారు, ఎవరు మాయమయ్యారు అని అడిగే హక్కు మనకు ఉంటుంది.

యుద్ధం నిజమే. నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైగా నహపానుడి వెండి నాణేల్లో ఎక్కువ భాగం మీద శాతకర్ణి తన ముద్ర తిరిగి కొట్టించాడు. ఆ తర్వాతే సినిమా దారి తప్పింది. పతాక సన్నివేశంలో అతనితో తలపడే గ్రీకు రాజు దెమెత్రియస్ చరిత్రలో అతనికి రెండు శతాబ్దాలకు పైగా ముందటివాడు. శాసనం చెప్పే రాజ్యం ప్రధానంగా దక్కను, పశ్చిమ, మధ్య భారత ప్రాంతాలది. తెర మీద అది 'అఖండ భారతం' అయింది.

తేదీల తప్పులకంటే పెద్ద సమస్య మరొకటుంది. తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనం శాతకర్ణిని నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడిగా, సాటిలేని బ్రాహ్మణుడిగా పొగుడుతుంది. తప్పు చేసిన శత్రువు ప్రాణం తీయడానికైనా ఇష్టపడనివాడని కూడా అంటుంది. ఇంతా రాసింది బౌద్ధ భిక్షువులకు దానమిచ్చిన గుహలో! వర్ణ వ్యవస్థను కాపాడానని చెప్పుకునే రాజకుటుంబం బౌద్ధ సంఘాన్ని ఎందుకు పోషించింది? ప్రాచీన భారత చరిత్రను బౌద్ధానికీ బ్రాహ్మణ వాదానికీ మధ్య సంఘర్షణగా చదవమన్న అంబేద్కర్ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది? సినిమా చూసి బయటికొచ్చేవారికి ఈ ప్రశ్నే ఎదురుకాదు. వారికి మిగిలేది ఖడ్గం, నినాదం.

ఓడిన పక్షాన్నీ చూడండి. నహపానుడి అల్లుడు ఉషవదాతుడు తాపీతో సహా ఆరు నదుల మీద జనం ఉచితంగా దాటడానికి పడవలు పెట్టించానని అదే గుహల్లో రాయించాడు. భిక్షువుల కోసం 3,000 కార్షాపణాలు గోవర్ధనంలోని సాలెల శ్రేణుల దగ్గర శాశ్వత నిధిగా ఉంచాడు. 2,000 మీద నెలకు నూటికి ఒకటి, 1,000 మీద ముప్పాతిక. మన ఊరి లెక్కలో రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ. ఆ వడ్డీతోనే భిక్షువులకు చీవరాలు, ఖర్చులు. అంటే ఒక రాజకుటుంబం సొమ్ము అప్పగించేంత నమ్మకం, నిర్వహణ శక్తి నేతగాళ్ల సంఘాలకు ఉండేవి.

అలాగని ఉషవదాతుణ్ణి మన వీరుడిగా నిలబెట్టనక్కర్లేదు. అతను మూడు లక్షల గోవులు దానమిచ్చానని కూడా రాయించుకున్నాడు. ఒక రాజుకు బదులు ఇంకో రాజుకు కిరీటం పెట్టడం చరిత్ర రచన కాదు. రాజుల పొగడ్తల మధ్య ఇరుక్కున్న సాలెల్ని, పడవల మీద నది దాటిన జనాన్ని బయటికి తీయడమే మన పని.

చారిత్రక చిత్రాలకు రాయితీ ఇచ్చేటప్పుడు ఏది ఆధారం, ఏది కల్పన అన్న వివరణను తెర మీద చూపాలని ప్రభుత్వాలు షరతు పెట్టవచ్చు. విశ్వవిద్యాలయాలు ఈ సినిమాను, ఎపిగ్రాఫియా ఇండికా 8వ సంపుటిలో అచ్చయిన నాసిక్ శాసనాలను ఒకే తరగతిలో పక్కపక్కన పెట్టవచ్చు. సూరత్‌లో మగ్గం నడిపే ఇంటి పిల్లలకు తమ వృత్తి రెండు వేల ఏళ్ల నాటి రాతి మీద ఉందని తెలియాలి. ఆ సంగతి వారికి ఏ యుద్ధ చిత్రమూ ఇంకా చెప్పలేదు.