ఆ రోజు ఏ పండుగ?

2023 అక్టోబరు 7 ఇశ్రాయేలులో విశ్రాంతిదినమే కాదు, సిమ్హత్ తోరా కూడా. లేవీయకాండము 23లో ఈ పండుగ పేరు కనబడదు. తర్వాతి తరాల యూదులు ఏర్పరచుకున్నది. ద్వితీయోపదేశకాండము చివరి అధ్యాయం చదివి, వెంటనే ఆదికాండము మొదలుపెడతారు. గ్రంథపు చుట్టలను హత్తుకొని సమాజమందిరంలో నాట్యమాడతారు. ఆ ఉదయమే హమాస్ దాడి. సుమారు 1,200 మంది చనిపోయారు. తర్వాత గాజాలో వేలకు వేలు.

ఇలాంటి వార్త రాగానే మన ప్రసంగాలు యెహెజ్కేలు 38కి పరుగెడతాయి. బైబిలులోని యూదులు మనకు తెలుసు, ఇప్పుడు బ్రతికే యూదులు తెలియరు. తెలియని జనం మీద ఏ మాటైనా నమ్మిస్తారు.

1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో సరిగ్గా అదే జరిగింది. పస్కా రొట్టెలో యూదులు క్రైస్తవ బిడ్డల రక్తం కలుపుతారన్న అబద్ధాన్ని అక్కడి పత్రికే వ్యాపింపజేసింది. (రక్తం తినడమే వారికి నిషిద్ధమని లేవీయకాండము 17 చదివినవారెవరికైనా తెలుసు!) ఈస్టరు ఆదివారం మొదలైన దాడుల్లో 49 మంది యూదులు హతులయ్యారు. ఆ మూక క్రైస్తవులదే.

కాపరులారా, వచ్చే శుభ శుక్రవారం "యూదులు యేసును చంపారు" అని అలవాటుగా అనేయకండి. తీర్పు రాసిన పిలాతు రోమీయుడు. సిలువ దగ్గర నిలిచిన మరియ యూదురాలు.