నోరు కట్టుకోమని ఎవరికి చెబుతున్నారు?

పెళ్లి భోజనాల దగ్గర షుగర్ ఉన్న మనిషి విస్తట్లో పూర్ణం కనపడితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లందరూ డాక్టర్లైపోతారు. "ఏం బాబాయ్, ఆమాత్రం నోరు కట్టుకోలేవా?" అని పది మందిలో అడిగేస్తారు. పెద్దమనిషి ముఖం చిన్నబోతుంది. పసితనం నుంచి ఆయన నోట్లో తీపి పోసినవాళ్లు ఎందరో ఉంటే, తప్పు మాత్రం ఆయన ఒక్కడి నాలుకది. ఈ అన్యాయాన్ని నేను ఒప్పుకోను.

ఆ పూర్ణం మీద నాకే కోపమూ లేదు. సంక్రాంతి అరిసెలు, ఉగాది బొబ్బట్లు, ఆత్రేయపురం చుట్టాలు తెచ్చే పూతరేకులు ఈ దేశాన్ని రోగిష్టిని చేయలేదు. అరిసెకు బియ్యం నానబెట్టాలి, పిండి కొట్టాలి, పాకం పట్టాలి, నూనె ఒత్తాలి. ఆ చాకిరీయే దానికి హద్దు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప ఎవరూ ఆ పని పెట్టుకునేవారు కాదు. ఇప్పుడు తీపికి ఏ చాకిరీ లేదు, ఏ పండగా అక్కర్లేదు. పొద్దున టీలో, టీతో బిస్కెట్‌లో, బ్రెడ్డులో, సాసులో, రాత్రి పిల్లాడి పాలగ్లాసులో అది అడగకుండానే వచ్చి కూర్చుంటోంది.

ఆ పాలగ్లాసు సంగతే చూడండి. మాల్ట్ పొడి డబ్బా ముందువైపు కండలు తిరిగిన కుర్రాడు, ఎత్తు పెరుగుతున్న పాప. డబ్బా వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలు. బోర్న్‌విటాలో 100 గ్రాములకు 37 గ్రాములకు పైగా కలిపిన చక్కెరే ఉండేది. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్సింగ్‌కా అనే యువకుడు ఆ మాట వీడియోలో చెబితే కంపెనీ ఆయనకు లీగల్ నోటీసు పంపింది. ఆయన వీడియో తీసేయాల్సి వచ్చింది. జనం ఊరుకోలేదు కాబట్టి ఆ ఏడాది చివరికి అది 32 గ్రాములకు దిగింది. దిగాక కూడా డబ్బాలో దాదాపు మూడో వంతు చక్కెర! మరుసటేడు కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పొడులను 'హెల్త్ డ్రింక్' పేరుతో అమ్మవద్దని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. మన ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదట. లేని పేరు పెట్టుకుని ఇన్నేళ్లు తల్లుల చేత కొనిపించారు. పాపం ఆ తల్లి, బిడ్డ బలం కోసం రెండు చెంచాల పొడి వేసి, తాగడేమోనని పైన ఒక చెంచా పంచదార కూడా కలుపుతుంది.

ఇంకా చిన్నవాళ్ల దగ్గరికి వెళ్దాం. 2024లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. అక్కడ పసిపిల్లల ఆహారాన్ని చక్కెర కలపకుండా అమ్మే నెస్లే వారు, ఇండియాలో అమ్మే సెరెలాక్‌లో మాత్రం ఒక్కో పూటకు సగటున దాదాపు 3 గ్రాములు కలుపుతున్నారని తేల్చింది. గొడవ ముదిరాక చక్కెర కలపని రకాలు మనకూ తెస్తామన్నారు. అంటే కలపకుండా చేయడం వాళ్లకు ముందే చేతనవును. ఆర్నెల్ల బిడ్డకు గొంతు లేదు, వాళ్ల అమ్మకు లేబుల్ చదివే తీరిక లేదు, అడిగే ప్రభుత్వం లేదు. అందుకే కలిపారు.

ఆ వయసులో పెట్టిన తీపి ఎంత దూరం వెంటాడుతుందో బ్రిటన్ అనుభవం చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి అక్కడ చక్కెరకు రేషన్ ఉండేది. 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. జనం చక్కెర వాడకం దాదాపు రెట్టింపైంది. రేషన్ కాలంలో కడుపున పడి పెరిగిన పిల్లలను, ఆ తర్వాత పుట్టినవాళ్లను పరిశోధకులు పోల్చి 2024లో 'సైన్స్' పత్రికలో రాశారు. మొదటి వెయ్యి రోజులు చక్కెర తక్కువ తిన్నవాళ్లకు పెద్దయ్యాక మధుమేహం ముప్పు దాదాపు 35 శాతం, బీపీ ముప్పు 20 శాతం తక్కువ. వాళ్లెవరూ నోరు కట్టుకోలేదు. ఇంట్లో దొరకలేదు, అంతే.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది, ఆ అంచున ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లు. ఇంతమందికీ ఒకేసారి మనోబలం చచ్చిపోయిందా?

ఇక బెల్లం టీ. హైదరాబాద్ నుంచి విశాఖ దాకా హైవే పొడుగునా బోర్డులే. కొన్నిటి మీద 'షుగర్ ఉన్నవారూ తాగవచ్చు' అని కూడా రాస్తారు. ఇది పచ్చి అబద్ధం. అనకాపల్లి బెల్లం రుచి గొప్పదే, అందులో కాస్త ఖనిజాలూ ఉంటాయి. కానీ ముప్పావు వంతుకు పైగా అదీ చక్కెరే. రక్తంలోకి వెళ్లాక రంగు చూసి ఎవరూ దారి ఇవ్వరు. ఆ బోర్డు నమ్మి రోజుకు నాలుగు గ్లాసులు తాగే లారీ డ్రైవర్ కాలి పుండు మానకపోతే బోర్డు రాసినవాడు వచ్చి కట్టు కడతాడా?

తీపి యావ లొంగనిదేమీ కాదు. టీలో రెండు చెంచాలు వేసుకునేవాళ్లు ఒకటిన్నరకు దిగి కొన్నాళ్లు ఆగండి, తర్వాత ఒకటికి, ఆపైన అరకు. నాలుక సర్దుకుంటుంది. కొన్ని వారాలు పోయాక పాత టీ మీకే పాకంలా తగులుతుంది. సాయంత్రం నాలుగింటికి వచ్చే జిహ్వ చాపల్యంలో సగం వట్టి ఆకలే. మధ్యాహ్నం పప్పు, గుడ్డు సరిగ్గా తినకపోతే, రాత్రి నిద్ర చాలకపోతే అది రెట్టింపవుతుంది. ఉడకబెట్టిన పల్లీలో, ఒక జామకాయో తింటే చల్లారుతుంది. జ్యూస్ వద్దు, కాయే తినండి. బిస్కెట్ డబ్బా ఇంట్లోనే లేకుండా చూసుకోండి. ఎదురుగా పెట్టుకుని రోజంతా దానితో కుస్తీ పట్టడం ఎవరి వల్లా కాదు. "ఒక్కటి తింటే ఏమవుతుంది" అని ప్లేటు తోసే చుట్టాలకు గట్టిగానే వద్దని చెప్పండి. అలిగితే అలగనివ్వండి.

అయితే ఇదంతా ఇంట్లో చేయగలిగిన పని. గుమ్మం దాటితే మనిషి ఒంటరివాడు. పెద్దవాళ్లకు రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. పావు లీటరు కూల్‌డ్రింకుతోనే ఆ లెక్క చెల్లు. చిలీ దేశం 2016 నుంచి చక్కెర ఎక్కువున్న ప్యాకెట్ల ముందు నల్లటి అష్టభుజి ముద్ర వేయిస్తోంది. అక్షరం రాని అవ్వ కూడా దాన్ని చూసి ప్యాకెట్ పక్కన పెట్టగలదు. మన ఆహార భద్రతా సంస్థ 2022లో ముసాయిదా తెచ్చింది. అందులో హెచ్చరిక లేదు, సినిమాలకిచ్చినట్టు నక్షత్రాలున్నాయి! చక్కెర డబ్బాకు కూడా ఒకటో రెండో చుక్కలిచ్చి మెచ్చుకునే ఏర్పాటు.

2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. జీఎస్టీ మండలిలో మన రెండు రాష్ట్రాలకూ సభ్యత్వం ఉంది. పన్ను తగ్గించి కంపెనీలకు అంత మేలు చేసినప్పుడు, బదులుగా ప్యాకెట్ ముందువైపు ఒక్క నల్ల ముద్ర వేయమని షరతు పెట్టడానికి, ఆ రాష్ట్రాల పాలకులారా, మీకు నోరెందుకు రాలేదు?