ఆ నురగ వెనక ఓ లెక్కల మనిషి

యూట్యూబ్‌లో ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఎవరో ఇంట్లో చేసిన స్టౌట్ అనే నల్ల బీరును నైట్రోజన్ ట్యాపు నుంచి గ్లాసులోకి వంపుతాడు. బుడగలు గ్లాసు గోడ వెంట కిందికి జారుతుంటాయి, పైన మీగడలాంటి నురగ నిలుస్తుంది. మనమూ చేద్దామా అనిపిస్తుంది కదా! ఆగండి. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం మన రాష్ట్రంలో నేరం. భద్రాచలం అడవి అంచున ఇప్పసారా బట్టీలు పగలగొట్టే ఎక్సైజ్ వాళ్లకు మీ స్టౌట్ వేరేగా ఏమీ కనిపించదు.

నన్నడిగితే ఆ వీడియోలో నేర్చుకోవాల్సింది బీరు కాదు, గ్యాసు. తాటికల్లు బుసబుస పొంగేది కార్బన్ డయాక్సైడ్ వల్ల. సోడా తాగితే నాలుక చురుక్కుమనేదీ దానివల్లే. నైట్రోజన్ నీళ్లలో కరిగేది దానికంటే 50 రెట్లకు పైగా తక్కువ. అందుకే చురుకు ఉండదు. పైగా మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నైట్రోజనే కాబట్టి బుడగలోది తొందరగా బయటికి పోదు, నురగ నిలబడుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో మార్కుల కోసం బట్టీపట్టిన హెన్రీ నియమం ఇదే సుమా!

ఈ పద్ధతిని గిన్నిస్ కంపెనీలో 1959లో పట్టాలెక్కించిన మైకేల్ ఆష్ బ్రూయింగ్ చదివినవాడు కాదు, గణితం చదివినవాడు. స్టాటిస్టిక్స్‌లో మనం వాడే స్టూడెంట్ టి-టెస్ట్ కూడా అదే కంపెనీ ఉద్యోగి విలియం గాసెట్ 1908లో ప్రచురించిందే. సాఫ్ట్‌వేర్ తప్ప దిక్కులేదనుకునే మెకానికల్, కెమికల్ వాళ్లు ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఫుడ్, కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీల్లో గ్యాసు, ప్రెషర్, కూలింగ్ తెలిసినవాళ్ల పని చాలా ఉంటుంది.

చేసి చూడాలనుందా? కాఫీతో చేయండి, ఏ చట్టమూ అడ్డురాదు. ముతకగా దంచిన కాఫీపొడిని చల్లటి నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి వడకట్టండి. చిన్న స్టీల్ కెగ్గులో పోసి బాగా చల్లబరిచి, నైట్రోజన్‌ను 30 నుంచి 40 పీఎస్ఐ ప్రెషర్‌లో పట్టించి బాగా కుదపండి. సన్నని రంధ్రాల బిళ్ల ఉండే స్టౌట్ ట్యాపు తప్పనిసరి, నురగను పుట్టించేది ఆ బిళ్లే. స్టౌట్‌కైతే మామూలుగా 75 శాతం నైట్రోజన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపి వాడతారు. కాఫీకి ఒక్క నైట్రోజన్ చాలు.

ఇక సిలిండర్ సంగతి. ఖమ్మంలో ఏసీ మెకానిక్ దగ్గర నైట్రోజన్ ఉంటుంది, కానీ అది తాగేవాటికి వాడే రకం కాదు. ఫుడ్ గ్రేడ్ అని రాసున్నదే అడగండి. నిండు సిలిండర్‌లో ప్రెషర్ 150 బార్ దాకా ఉంటుంది, అంటే రెండు వేల పీఎస్ఐ పైమాటే. నైట్రోజన్ రెగ్యులేటర్ లేకుండా కెగ్గుకు తగిలిస్తే అది బాంబే. క్రీమ్ కొట్టడానికి అమ్మే చిన్న గుళికల్లో ఉండేది నైట్రస్ ఆక్సైడ్, వేరే గ్యాసు. దాన్నీ కొందరు నైట్రో అనే పిలుస్తారు, మోసపోకండి. మూసిన గదిలో మాత్రం అస్సలు వద్దు. నైట్రోజన్‌కు వాసన లేదు, లీకైనా తెలియదు, గదిలో ఆక్సిజన్ తగ్గి మనిషి చెప్పాపెట్టకుండా పడిపోతాడు. కిటికీలు తీసి, సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టి, ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్లు రాసి చూశాకే వాల్వు పూర్తిగా తిప్పండి.