రెండు చేతుల వాటం

కాడికి ఎద్దుల్ని కట్టే రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. కుడివైపు నడిచేది వలపటి ఎద్దు. మావైపు 'ఎలపట' అంటారు. ఎడమవైపు నడిచేది దాపటి ఎద్దు. ఒకవైపు అలవాటుపడినదాన్ని రెండోవైపు కడితే బెదురుతుంది, సాలు వంకర పోతుంది. ఏవైపు కట్టినా ఒకే తీరున నడిచే ఎద్దు దొరికితే ఆ రైతు అదృష్టవంతుడే.

మరి మనుషుల్లో అలాంటివారెందరు? ఈ లెక్క సులువుగా తేలే చోటు ఒకటుంది. అది అమెరికావారి బేస్‌బాల్ ఆట. బంతి విసిరేవాడి చేతినిబట్టి ఒకసారి కుడి వాటంగానూ, మరొకసారి ఎడమ వాటంగానూ నిలిచి కొట్టేవాణ్ణి అక్కడ 'స్విచ్ హిట్టర్' అంటారు. కుడిచేతివాడు విసిరిన మెలిబంతి, కుడి వాటంగా నిలిచినవాడికి దూరంగా జారిపోతుంది. ఎడమ వాటంగా నిలిచినవాడికి అదే బంతి లోపలికి వస్తుంది. కనుక రెండు విధాలా కొట్టగలిగినవాడికి ఎప్పుడూ లాభమే.

ఇంత లాభమున్నా, ఈనాటి పెద్ద లీగు బ్యాటర్లలో ఇలాంటివారు సుమారు పదిమందికి ఒక్కరు! తక్కినవారికి తెలివి లేకనా? కాదండీ. రెండో చెయ్యి ఊరికే రాదు. సాధన రెండింతలు కావాలి.

మా భూపాలపల్లి బొగ్గుగనుల ఊరు. షిఫ్టు దిగి అలసి ఇల్లు చేరే తండ్రులు ఇక్కడ వీధివీధికీ ఉన్నారు. అందుకే మికీ మాంటిల్ కథ నాకు దూరదేశపు కథలా తోచదు. ఓక్లహోమా రాష్ట్రంలో ఆయన తండ్రి సీసం, జింకు గనుల్లో పనిచేసేవాడు. పని ముగించుకుని వచ్చి కొడుకుచేత ఆట సాధన చేయించేవాడు. తండ్రి కుడిచేత్తో విసిరితే పిల్లవాడు ఎడమ వాటంగా కొట్టాలి. తాత ఎడమచేత్తో విసిరితే కుడి వాటంగా కొట్టాలి. పుట్టుకతో ఆ పిల్లవాడిది కుడిచేతి వాటమే. 1951 నుంచి 1968 దాకా న్యూయార్క్ యాంకీస్ జట్టుకు ఆడి 536 హోమ్‌రన్‌లు కొట్టాడు. స్విచ్ హిట్టర్లలో ఆ సంఖ్యను దాటినవారు నేటికీ లేరు.

రెండు వాటాలూ అందరికీ కలిసిరావు. బాల్టిమోర్ జట్టులో సెడ్రిక్ మలిన్స్ 2021లో కుడి వాటం మానేసి, తనకు సహజమైన ఎడమ వాటానికే కట్టుబడ్డాడు. ఆ ఏడాదే 30 హోమ్‌రన్‌లు కొట్టాడు!

మన క్రికెట్‌లో ఈ విద్య ఇంకా అరుదు. 2025 ఏప్రిల్ 3న కలకత్తాలో మన హైదరాబాదు సన్‌రైజర్స్ తరఫున శ్రీలంక ఆటగాడు కమిందు మెండిస్ ఒకే ఓవరులో రెండు చేతులతోనూ బంతులు వేసి, ఒక వికెట్టు కూడా తీశాడు. ఐ.పి.ఎల్.లో అలా వేసినవాడు అతనే మొదటివాడు.

ఇక మనకు తెలిసిన పాత పేరు సవ్యసాచి. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి తన పది పేర్లూ చెబుతూ, గాండీవం లాగడంలో తనకు రెండు చేతులూ సమానమేనని ఈ పేరుకు కారణం చెబుతాడు. ఇందులో ఒక తమాషా ఉంది. సంస్కృతంలో 'సవ్యం' అంటే మొదట ఎడమే. తెలుగులో మాత్రం సరిగ్గా జరిగిన పనిని 'సవ్యంగా జరిగింది' అంటాం. మాటలో ఎడమకు ఇంత మర్యాద ఇచ్చిన మనమే, ఎడమచేత్తో పెన్సిలు పట్టిన పిల్లను చూస్తే 'ఆ చేత్తో కాదు' అని చేతిమీద ఒకటి వేస్తాం. రెండో చెయ్యి నేర్పుతున్నామనే అనుకుంటాం కూడా.

ఆ గని కార్మికుడు చేసింది వేరు. కొడుకు కుడిచేతిని కట్టెయ్యలేదు. ఉన్న వాటం ఉండగానే రెండోది చేర్చాడు. అందుకు రోజూ ఎదురుగా నిలబడి తానే బంతులు విసిరాడు. అంత ఓపిక మనకుంటే పిల్లలకు రెండో చెయ్యి నేర్పవచ్చు. లేకుంటే దేవుడిచ్చిన చేత్తోనే పిల్లను రాసుకోనివ్వండి. అక్షరం గుండ్రంగా వస్తే చాలదూ!